మూసేసిన విద్యార్థి పత్రికకు ముప్పై ఏడేళ్ల తర్వాత మళ్లీ సంపాదకుడు

గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలో పెదకాకాని దాటాక రోడ్డు పక్కనే నాగార్జున విశ్వవిద్యాలయం వస్తుంది. పత్తి తీతకు, మిరప కోతకు కూలికి వెళ్లే ఇళ్ల నుంచి అక్కడికి చదువుకోవడానికి వచ్చే పిల్లలు తక్కువేమీ కాదు. అక్కడనే కాదు, ఏ క్యాంపస్‌లోనైనా అలాంటి ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి మీద గోడపత్రికో, సంఘం పత్రికో నడిపే బాధ్యత పడిందంటే కొన్ని ప్రశ్నలు వెంటనే ముందుకొస్తాయి. ఏది వేయాలి, ఏది ఆపాలి? వేస్తే ఎవరికి కోపం వస్తుంది? స్కాలర్‌షిప్ ఆగితే, హాస్టల్ గది పోతే ఇంట్లో ఏమని చెప్పాలి? ఈ ప్రశ్నల మధ్యే ఒక జీవితకాలమంతా పత్రికలు నడిపిన మనిషి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్. నల్లజాతి హక్కుల ఉద్యమంలో ఆయన పేరు మనలో చాలామందికి తెలుసు. ఆయన సంపాదకత్వం మొదలైంది మాత్రం ఒక విద్యార్థి పత్రికలోనన్న సంగతి, పెద్దవాడయ్యాక ఆ పత్రిక కోసమే ఒక కాలేజీ అధ్యక్షుడితో తలపడ్డాడన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు.

డుబోయిస్ 1868 ఫిబ్రవరి 23న మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. బానిసత్వం రద్దయి అప్పటికి మూడేళ్లు కాలేదు. ఊళ్లో నల్లవాళ్ల కుటుంబాలు కొద్దే. తండ్రి చిన్నప్పుడే వదిలి వెళ్లిపోయాడు. తల్లి మేరీ ఇళ్లలో పని చేసి పెంచింది. పక్షవాతం వచ్చి ఆమె సరిగా నడవలేకపోయినా కొడుకు బడి మాన్పించలేదు. ఆ బడిలోనే ఒకసారి పిల్లలంతా సరదాగా విజిటింగ్ కార్డులు మార్చుకుంటుంటే, కొత్తగా వచ్చిన ఒక తెల్లమ్మాయి ఇతని కార్డు తీసుకోనని తోసేసింది. మంచినీళ్ల కుండ దగ్గర ఆపేసినప్పుడు మన పిల్లలకు ఏది అర్థమవుతుందో, ఆ కార్డు దగ్గర అతనికి అదే అర్థమైంది. పెద్దయ్యాక రాసిన పుస్తకంలో ఈ సంగతిని మొదటి పేజీల్లోనే పెట్టాడు.

పదిహేనేళ్ల వయసులోనే విలేకరి అయ్యాడు. న్యూయార్క్‌లో టిమోతీ థామస్ ఫార్చ్యూన్ అనే నల్లజాతి సంపాదకుడు 'గ్లోబ్' అనే పత్రిక నడిపేవాడు. ఫార్చ్యూన్ ఫ్లోరిడాలో బానిసగా పుట్టినవాడు. తన ఊళ్లోని నల్లవాళ్ల కబుర్లు, చర్చి సమావేశాలు, ఓటు వేయడానికి అందరూ రావాలన్న హెచ్చరికలు డుబోయిస్ ఆ పత్రికకు రాసి పంపేవాడు. చూడ్డానికి చిన్న వార్తలే. కానీ ఊరి పెద్ద పత్రికల్లో నల్లవాళ్ల పెళ్లికి, చావుకు చోటు లేని కాలంలో, మన మనుషులు కూడా వార్తే అని ఒక కుర్రాడు తేల్చుకోవడం చిన్న విషయం కాదు.

చదివితే హార్వర్డ్‌లో చదవాలనుకున్నాడు. డబ్బు లేదు. 1885లో తల్లి చనిపోయింది. ఊళ్లోని చర్చిల వాళ్లు చందాలు వేసి, హార్వర్డ్‌కు కాకుండా, దక్షిణాదిలో టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో ఉన్న ఫిస్క్ విశ్వవిద్యాలయానికి పంపారు. దాతలు డబ్బిచ్చి దారి కూడా వాళ్లే నిర్ణయించడం మనకు కొత్తేమీ కాదు. పదిహేడేళ్ల డుబోయిస్ మాత్రం ఫిస్క్‌లో అడుగుపెట్టి సంతోషపడ్డాడు. అంతమంది నల్లజాతి విద్యార్థులను ఒకే చోట చూడటం అతనికి అదే మొదలు. ఫిస్క్ 1866లో, అంతర్యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, విముక్తులైన బానిసల చదువు కోసం మొదలైన సంస్థ. దాని ప్రధాన భవనం జూబిలీ హాల్ కట్టింది పాటల డబ్బుతో. అక్కడి విద్యార్థులు బృందంగా ఏర్పడి, తమ తాతముత్తాతలు పొలాల్లో పాడుకున్న పాటలను అమెరికాలోనూ యూరప్‌లోనూ ఊరూరా పాడి ఆ డబ్బు తెచ్చారు.

ఫిస్క్‌లో విద్యార్థులు 'ఫిస్క్ హెరాల్డ్' అనే నెలవారీ పత్రిక నడిపేవారు. డుబోయిస్ వచ్చిన తొలి రోజుల నుంచే అందులో రాశాడు. 1887–88లో, చివరి సంవత్సరంలో, దానికి ప్రధాన సంపాదకుడయ్యాడు. పంతొమ్మిదేళ్లవాడు. రాసేవాళ్లను వెతకడం, రాతలు దిద్దడం, ఇతర కాలేజీల పత్రికలు ఏం రాస్తున్నాయో చూడటం, సంపాదకీయాలు రాయడం అతని పని. తానే ఒక కథ కూడా మూడు సంచికల్లో సీరియల్‌గా వేశాడు. ఆ సంపాదకీయాల్లో కనిపించేది మరీ తిరుగుబాటు గొంతేమీ కాదు. చదువుకున్నవాళ్లు తమ జాతికి నాయకత్వం వహించాలి, క్రమశిక్షణగా ఉండాలి అనే ఉపదేశ ధోరణి ఉంటుంది. అదే ఏడాది పట్టా పుచ్చుకునే సభలో అతను ఎంచుకున్న ప్రసంగ విషయం జర్మనీని ఏకం చేసిన బిస్మార్క్. తన జాతి కూడా అలా ఒక్కటి కావాలని కుర్రాడి ఉద్దేశం. ఆఫ్రికా ఖండాన్ని యూరప్ దేశాలు పంచుకోవడానికి బెర్లిన్‌లో సమావేశం పెట్టింది ఆ బిస్మార్కేనన్న సంగతి అప్పట్లో అతని బుర్రకు తట్టలేదు. తర్వాత ఆయనే ఈ విషయం తలచుకుని తనను తాను తప్పుపట్టుకున్నాడు. ఇరవై ఏళ్లకే అన్నీ తెలిసిన సంపాదకుడు ఎక్కడా ఉండడు, ఆ లెక్కన డుబోయిస్‌ను కూడా మన మధ్య కూర్చోబెట్టుకోవచ్చు.

అతని రాతకు బరువు తెచ్చింది తరగతి గది కన్నా వేసవి సెలవులు. 1886, 1887 వేసవుల్లో టెనెసీ పల్లెల్లో పిల్లలకు చదువు చెప్పడానికి కాలినడకన బడి వెతుక్కుంటూ తిరిగాడు. దొరికిన బడి ఒక భూస్వామి మొక్కజొన్న దాచుకునే కొయ్య గుడిసె. తలుపు లేదు. బెంచీలకు ఆనుకోవడానికి వెనక చెక్క లేదు. మాస్టారి కుర్చీ అతను దిగిన ఇంటి ఆవిడది, రోజూ సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. ఆ ఉద్యోగం ఖాయం చేసుకోవడానికి విద్యాధికారి ఇంటికి వెళ్లినప్పుడు జరిగింది మనవాళ్లెవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అధికారి మర్యాదగానే మాట్లాడాడు, భోజనానికి ఉండమన్నాడు. తనూ, ఇంకో బడికి కుదిరిన తెల్ల మాస్టారూ ముందు తిన్నారు. వాళ్లు లేచాక ఇతనికి ఒక్కడికే వడ్డించారు.

ఆ పల్లెలో జోసీ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి ఉండేది. పెద్ద కుటుంబాన్ని మోస్తూ, ఎప్పటికైనా నాష్‌విల్ వెళ్లి చదువుకోవాలని ఆశపడేది. పదేళ్ల తర్వాత డుబోయిస్ ఆ ఊరు తిరిగి వెళ్లేసరికి ఆమె చనిపోయి ఉంది. గుడిసె బడి స్థానంలో కొత్త బడి లేచింది. 1903లో వచ్చిన 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' పుస్తకంలో జోసీ కోసం ఒక అధ్యాయమే రాశాడు. ఆ పుస్తకంలోనే జార్జియా రాష్ట్రం డోహర్టీ కౌంటీ పత్తి పొలాల గురించి రాసినది గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తప్పక చదవాలి. దొరవారి భూమిని నల్లవాళ్లు కౌలుకు చేస్తారు. విత్తనానికీ తిండికీ వ్యాపారి అప్పిస్తాడు, రాబోయే పంటే తాకట్టు. పత్తి కాటా దగ్గరికి వెళ్లేసరికి కౌలు, అప్పు, వడ్డీ పోగా చేతికి ఏమీ మిగలదు, మరుసటి ఏడాదికి బాకీ మిగులుతుంది. నేల వేరు, భాష వేరు, లెక్క ఒక్కటే.

ఫిస్క్ తర్వాత హార్వర్డ్‌లో మూడో సంవత్సరంలో చేరాడు. 1890లో పట్టా, ఆ మరుసటి ఏడాది ఎం.ఏ. జర్మనీ వెళ్లడానికి స్లేటర్ ఫండ్ అనే నిధి నుంచి సాయం కోరాడు. ఆ నిధి పెద్ద అమెరికా మాజీ అధ్యక్షుడు హేస్. తగిన నల్లజాతి విద్యార్థి ఎవరూ దొరకడం లేదన్నట్టు ఆయన మాట్లాడితే, డుబోయిస్ ఉత్తరం మీద ఉత్తరం రాసి, అర్హతలు చూపించి, వెంటపడి సాధించాడు. 1892 నుంచి రెండేళ్లు బెర్లిన్‌లో చదివాడు. మూడో ఏటికి డబ్బు ఇవ్వకపోవడంతో అక్కడి డాక్టరేట్ రాకుండానే వెనక్కి రావాల్సి వచ్చింది. బరోడా స్కాలర్‌షిప్ గడువు ముగిసి 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చిన అంబేడ్కర్ గుర్తుకొస్తాడు. 1895లో హార్వర్డ్ డాక్టరేట్ పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి డుబోయిస్.

1897లో అట్లాంటా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. శాస్త్రీయంగా లెక్కలు తీసి ముందుపెడితే తెల్ల సమాజం కళ్లు తెరుస్తుందని అప్పటికి ఆయన నమ్మకం. 1899 ఏప్రిల్‌లో సామ్ హోస్ అనే నల్ల కూలీని జార్జియాలో వేలమంది చూస్తుండగా సజీవంగా కాల్చి చంపారు. దాని మీద ఒక నిదానమైన వ్యాసం రాసి పత్రికాఫీసుకు ఇవ్వడానికి డుబోయిస్ బయలుదేరాడు. హోస్ వేళ్ల ఎముకలు ముందు వీధిలోని కిరాణా కొట్లో ప్రదర్శనకు పెట్టారని దారిలో తెలిసింది. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాడు. మనుషుల్ని అలా చంపుతుంటే లెక్కలు రాసుకుంటూ కూర్చోలేనని ఆ రోజు నుంచి తేల్చుకున్నాడు. కారంచేడు, చుండూరుల తర్వాత మన జిల్లాల్లో ఎంతమంది ఉద్యోగులు, విద్యార్థులు ఇలాగే దారి మధ్యలో వెనక్కి తిరిగారో, ఆ తరం వాళ్లను అడిగితే చెబుతారు.

ఆ తర్వాత మళ్లీ పత్రికలు. 1905 చివర్లో మెంఫిస్ నుంచి 'మూన్' అనే వారపత్రిక మొదలుపెట్టాడు, ఏడాది తిరక్కుండా మూతపడింది. 1907లో 'హొరైజన్' మొదలైంది, మూడేళ్లకు ఆగింది. రెంటిలోనూ నష్టమే. ఈ ఓటముల గురించి చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంతో సరిపెడతాయి. అచ్చుకూలి బాకీ పడ్డ సంచిక చేతిలో పట్టుకుని తిరిగినవాళ్లకు ఆ ఒక వాక్యం వెనకేముందో తెలుసు.

1909లో నల్లజాతి హక్కుల కోసం ఎన్.ఎ.ఎ.సి.పి. అనే సంస్థ ఏర్పడింది. 1910 నవంబర్‌లో దాని పత్రిక 'ది క్రైసిస్' మొదటి సంచిక వెయ్యి ప్రతులు వేశారు. సంపాదకుడు డుబోయిస్. సంస్థ బోర్డులో ఎక్కువమంది తెల్లవాళ్లే, సానుభూతిపరులు, డబ్బున్నవాళ్లు. బోర్డు అధ్యక్షుడు ఆస్వాల్డ్ గారిసన్ విల్లార్డ్ బానిసత్వ వ్యతిరేక ఉద్యమ నాయకుడి మనవడు. ఆయన ఒకసారి, మూకహత్యల జాబితాతో పాటు నల్లవాళ్లు చేసిన హత్యల జాబితా కూడా పక్కన వేస్తే నిష్పక్షపాతంగా ఉంటుందని సూచించాడు. మన దగ్గర ఒక దాడి వార్త వేసినప్పుడల్లా అవతలివాళ్ల వాదన కూడా సమానంగా వేయమనే పెద్దమనుషుల్లాంటి మాటే ఇది. డుబోయిస్ ఒప్పుకోలేదు. పత్రికలో ఏం వేయాలో నిర్ణయించేది సంపాదకుడేనని కూర్చున్నాడు. గొడవ ముదిరి, విల్లార్డే అధ్యక్ష పదవి వదులుకున్నాడు. 1916లో టెక్సాస్‌లోని వేకోలో జెస్సీ వాషింగ్టన్ అనే పదిహేడేళ్ల కుర్రాడిని కాల్చి చంపినప్పుడు, ఎలిజబెత్ ఫ్రీమన్ అనే ఆమెను పంపి ఆధారాలు సేకరించి, ఫొటోలతో సహా ప్రత్యేక అనుబంధం వేశాడు. 1919 నాటికి ప్రతులు లక్షకు చేరాయి.

ఆ పత్రికలో నాకు ఎక్కువ ఇష్టమైనది మూకహత్యల పేజీ కాదు. ఏటా వేసవిలో వేసే విద్యా సంచిక. ఆ ఏడు పట్టాలు పుచ్చుకున్న నల్లజాతి విద్యార్థుల లెక్కలు, పేర్లు, ఫొటోలు అందులో ఉండేవి. ఏ మారుమూల పల్లెలోనో కూలి ఇంట్లో ఆ సంచిక చేరితే ఏమనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. సాహిత్య విభాగం చూసిన జెస్సీ ఫాసెట్ అనే రచయిత్రి లాంగ్‌స్టన్ హ్యూస్ లాంటి కవుల్ని ఆ పత్రికలో తొలిసారి నిలబెట్టింది. ఆమె పేరు మాత్రం డుబోయిస్ పేరంతగా మోగలేదు.

ఆడవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. మెంఫిస్‌లో మూకహత్యల మీద రాసినందుకు 1892లో తన పత్రికాఫీసును ధ్వంసం చేయించుకున్న ఐడా బి. వెల్స్, ఎన్.ఎ.ఎ.సి.పి. తొలి కమిటీ జాబితాలో లేకుండా పోయింది. ఆ పేరు తీసేయడంలో డుబోయిస్ చెయ్యి ఉందని ఆమె ఆత్మకథ చెబుతుంది. 1918లో ఇంకో తప్పు. యుద్ధం ముగిసేదాకా మన బాధలు పక్కనపెట్టి తెల్లవాళ్లతో కలిసి నిలబడదామని సంపాదకీయం రాశాడు. అదే సమయంలో సైన్యంలో కెప్టెన్ పదవి కోసం ఆయన పేరు పరిశీలనలో ఉంది. పదవి రాలేదు కానీ పాఠకులు దులిపేశారు. మహనీయుల బొమ్మలకు దండలు వేసే రోజుల్లో ఈ రెండూ కూడా చెప్పుకోవడం మంచిది.

ఇక ఫిస్క్ హెరాల్డ్ దగ్గరికి వద్దాం. 1915 నుంచి ఫిస్క్‌కు ఫయెట్ మెకెంజీ అనే తెల్లజాతీయుడు అధ్యక్షుడు. ఉత్తరాది ధనిక సంస్థల నుంచి పది లక్షల డాలర్ల నిధి సమకూర్చే పనిలో ఉన్నాడు. ఆ దాతలకూ, నాష్‌విల్ తెల్ల పెద్దలకూ విద్యార్థులు అణకువగా కనిపించాలి. అందుకని విద్యార్థి సంఘం రద్దయింది. ఆటల సంఘం రద్దయింది. ఎన్.ఎ.ఎ.సి.పి. శాఖ పెట్టుకోవడానికి వీల్లేదన్నారు. అమ్మాయిలు నూలు మేజోళ్లే వేసుకోవాలి, అబ్బాయిలతో కలిసి నడవకూడదు, రాత్రి పదికి దీపాలు ఆర్పేయాలి. డుబోయిస్ సంపాదకుడిగా పనిచేసిన ఫిస్క్ హెరాల్డ్‌ను కూడా మూసేశారు.

1924 జూన్‌లో పట్టాల పండుగకు మాట్లాడమని డుబోయిస్‌ను పిలిచారు. ఆ ఏడాది ఆయన కూతురు యోలాండ్ కూడా అక్కడే పట్టా తీసుకుంటోంది. తండ్రిగా వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి పోవచ్చు. అధ్యక్షుడూ ధర్మకర్తలూ ఎదురుగా కూర్చుని ఉండగా, ఈ కాలేజీలో విద్యార్థుల గొంతు నొక్కేశారని, దాతల డబ్బు కోసం నల్ల యువతరం ఆత్మగౌరవాన్ని అమ్ముతున్నారని ముఖం మీదే చెప్పాడు. కాలేజీ అమ్మాయిలను తెల్ల మగవాళ్ల క్లబ్బులో పాడటానికి తీసుకెళ్లిన సంగతి కూడా బయటపెట్టాడు. అంతటితో ఆగలేదు. న్యూయార్క్ తిరిగి వెళ్లి, అదే ఫిస్క్ హెరాల్డ్ పేరుతో పత్రికను బయటి నుంచి అచ్చు వేయడం మొదలుపెట్టాడు. పూర్వ విద్యార్థుల సాయంతో వాంగ్మూలాలు సేకరించి అందులో వేశాడు. లోపల మూసేసిన పత్రిక బయట తెరుచుకుంది. అప్పటికి ఆయనకు యాభై ఆరేళ్లు, చేతిలో దేశమంతా చదివే 'క్రైసిస్' ఉంది. అయినా విద్యార్థి పత్రిక పేరే వాడాడు. పత్రిక పేరు మీద హక్కు యాజమాన్యానిది కాదు, చదివి రాసినవాళ్లదని ఆ పనితోనే చెప్పినట్టయింది.

1925 ఫిబ్రవరి 4 రాత్రి అబ్బాయిల హాస్టల్‌లో విద్యార్థులు అరుపులతో, నినాదాలతో నిరసనకు దిగారు. మెకెంజీ నగర పోలీసులను పిలిచాడు. తుపాకులు పట్టుకుని తెల్ల పోలీసులు నల్ల విద్యార్థుల హాస్టల్లోకి వచ్చారు. మూకహత్యలు రోజువారీ వార్తలైన దక్షిణాదిలో ఆ పిలుపుకు అర్థమేమిటో అధ్యక్షుడికి తెలియక కాదు. కొందరు విద్యార్థులను అరెస్టు చేశారు. మరునాటి నుంచి తరగతులు బహిష్కరించి ఎంతోమంది ఇళ్లకు వెళ్లిపోయారు. వారాల తరబడి సమ్మె సాగింది. నల్లజాతి పౌరులు, పూర్వ విద్యార్థులు విద్యార్థుల వైపు నిలబడ్డారు. ఏప్రిల్‌లో మెకెంజీ రాజీనామా చేశాడు. తర్వాత వచ్చిన అధ్యక్షుడూ తెల్లవాడే, కానీ నిబంధనలు సడలించాడు. ఫిస్క్‌కు మొదటి నల్లజాతి అధ్యక్షుడు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లకు పైనే పట్టింది.

'క్రైసిస్'ను 1934లో వదిలేశాడు. సంస్థతో సిద్ధాంత విభేదాలు ఒక కారణం, మాంద్యంలో పత్రిక అప్పుల పాలవడం మరో కారణం. ఇరవై నాలుగేళ్లు ఒకే పత్రికకు సంపాదకత్వం వహించాడు. చివరి దశాబ్దాలు కష్టంగా గడిచాయి. శాంతి ఉద్యమంలో పనిచేసినందుకు 1951లో విదేశీ ఏజెంటన్న కేసు పెట్టి, ఎనభై మూడేళ్ల మనిషికి సంకెళ్లు వేశారు. కేసు నిలవలేదు కానీ పాస్‌పోర్టు ఏళ్ల తరబడి ఇవ్వలేదు. 1961లో ఘనా వెళ్లిపోయాడు. 1963 ఆగస్టు 27న అక్రాలో, తొంభై అయిదేళ్ల వయసులో చనిపోయాడు. మరునాడు వాషింగ్టన్‌లో హక్కుల కోసం కవాతు చేయడానికి లక్షలాదిగా చేరిన జనానికి ఆ కబురు వేదిక మీద నుంచి చెప్పారు.

అంబేడ్కర్ 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో చదువుకున్నప్పుడు 'క్రైసిస్' ఆఫీసు కూడా న్యూయార్క్‌లోనే ఉంది. 1920 జనవరి 31న అంబేడ్కర్ 'మూక్‌నాయక్' ప్రారంభించాడు. తాను ప్రభుత్వ కాలేజీలో ఉద్యోగి కావడంతో సంపాదకుడిగా పాండురంగ్ భట్కర్ పేరు పెట్టాల్సి వచ్చింది. కొద్ది నెలలకే చదువు పూర్తి చేసుకోవడానికి లండన్ వెళ్లాడు, పత్రిక వేరే చేతుల్లో నడిచి 1923లో ఆగిపోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత, 1946లో, అంబేడ్కర్ డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. నల్లవాళ్ల తరఫున ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విజ్ఞాపన ప్రతులు పంపమని అడిగాడు, అంటరానివాళ్ల తరఫున తామూ అలాంటిదే చేయాలనుకుంటున్నామని తెలియజేశాడు. డుబోయిస్ జూలై 31న జవాబు రాశాడు. ప్రతులు పంపుతానన్నాడు, భారతదేశపు అంటరానివాళ్ల పట్ల తన సానుభూతి తెలిపాడు. ఆ ఇద్దరి ఉత్తరాలూ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ గ్రంథాలయంలో డుబోయిస్ కాగితాల మధ్య భద్రంగా ఉన్నాయి. ఆ గ్రంథాలయానికి పెట్టిన పేరు కూడా ఆయనదే. ఫోన్ ఉన్న ఏ విద్యార్థి అయినా పైసా ఖర్చు లేకుండా, పెదకాకాని హాస్టల్ గదిలో కూర్చుని, ఆ కాగితాలను తెరిచి చదువుకోవచ్చు.